ఎంగిలి అనుకున్న ఇంగ్లీషు

మా ముత్తాతగారు అనకాపల్లి బెల్లం మండీలో పేరుమోసిన దళారీ. మా తాతగారు వచ్చి కూర్చుంటే గాని వేలం మొదలయ్యేది కాదు. ఉప్మాక వెంకన్న కల్యాణానికి బెల్లం మా ఇంటినుంచే వెళ్లేది. మా నాన్నగారి హయాంలో వర్తకం పోయింది. పట్టింపులు మాత్రం పోలేదు. ఒకరి కంచంలో చెయ్యి పెట్టకూడదన్నది నాకు మాటలు రాకముందే నేర్పిన పాఠం.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. పీహెచ్‌డీ పట్టా తెస్తేనే కొనసాగిస్తామని యాజమాన్యం ముఖం మీదే చెప్పింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువులో అది చివరి ఏడాది. నా పరిశోధన బెల్లం వర్తకం మీదే. ఆ సరుకు గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అలవాటు కోసం ఇతరుల థీసిస్‌లు కొన్ని తిరగేశాను. అన్నిటిలోనూ అవే మాటల గుంపులు. ఏ కారణమైనా ‘ప్లేస్ ఎ వైటల్ రోల్’. ఏ అధ్యయనమైనా ‘షెడ్స్ లైట్ ఆన్’. రెండో పక్క చెప్పాలంటే ‘ఆన్ ది అదర్ హ్యాండ్’. వందమంది నమిలి వదిలిన మాటలు నాకెందుకనిపించింది. నా రాతప్రతిలో అలాంటివి కనబడ్డ చోటల్లా కొట్టేసి సొంతంగా కూర్చాను. ‘వైటల్ రోల్’ స్థానంలో ‘మాజెస్టిక్ షేర్’ వచ్చింది. ‘కండక్టెడ్ ఎ సర్వే’ మరీ చవకగా తోచి ‘సోలెమ్నైజ్డ్ ఎ సర్వే’ అని రాశాను. అది పెళ్లి జరిపించడానికి వాడే మాటని నాకు తెలుసు. తెలిసే, హుందాగా ఉందని ఉంచాను.

మా గైడు నాకన్నా చిన్నవాడు. చదివి నవ్వాడు.

“సర్వేకి ముహూర్తం పెట్టించేరేటండి? అందరూ రాసినట్టే రాసీండి మేస్టారూ. చదివేవోళ్లకి దారి తెలియాలి కదా.”

“మా ఇంట్లో ఎంగిలి తినే అలవాటు లేదండి,” అన్నాను.

అతను పెన్ను తీశాడు. సంతకం పెట్టి ఇచ్చేశాడు.

పరీక్షకుల నివేదిక రావడానికి నెలలు పట్టింది. విషయం తెలిసినవాడే రాశాడనిపిస్తోంది గాని, ఏ వాక్యం ఫలితమో, ఏ వాక్యం ఊహో, ముందు రాసినవాళ్లతో ఎక్కడ ఒప్పుకుంటున్నాడో, ఎక్కడ విభేదిస్తున్నాడో పోల్చుకోలేకపోయామని రాశారు. మొత్తం తిరగరాయమన్నారు. గడువు ఇంకా మూడు వారాలే ఉంది.

ఆ కాగితం మా మేనత్త కొడుక్కి చూపించాను. అతను ఇప్పటికీ మండీలో బెల్లం దిమ్మలు బేరం చేస్తాడు. తెలుగులో చెప్పించుకుని విన్నాడు.

“పదిమందీ వాడే మాట వాడితే నీ పరువు పోద్దా బావా?”

“నా పుస్తకంలో నా మాట ఉండాలి కదా.”

“తాత కాలంలో తువ్వాలు కింద సేతేళ్లు పట్టుకుని ధర సెప్పీవోరు కాదేటి? ఆ ఏళ్ల లెక్క మండీ అంతటికీ ఒక్కటే. సరుకు ఎవుడిది ఆడిదే, ధరా ఎవుడిది ఆడిదే. లెక్క మాత్రం అందరిదీ. నువ్వు తువ్వాలు కింద సెయ్యెట్టి నీకు నచ్చినట్టు ఏళ్లు మడిసేవు. అవతలోడు లేసెల్లిపోయేడు. అంతే కదా?”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి ప్రతి ముందేసుకుని కూర్చున్నాను. కొట్టేసిన మాటలన్నీ తిరిగి పెట్టుకుంటూ పోతే చాలనుకున్నాను. మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. ఒక వాక్యం ముందు ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ పెట్టాలో ‘యాజ్ ఎ రిజల్ట్’ పెట్టాలో తెలియలేదు. ముందు చెప్పినదానికి అది ఎదురా, ఫలితమా? నేనే రాశాను. నాకే తెలియలేదు. పేజీ తిప్పితే అలాంటివే ఇంకా ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను దాచిపెట్టింది పాండిత్యం కాదు, తేల్చుకోలేకపోవడం. ఎవరూ లేని గదిలో సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు పంచుకోవడానికైనా మనిషి లేడు.

గైడు రెండుసార్లు ఫోన్ చేశాడు. “ఉన్నకాడికి పట్టుకొచ్చీండి, ఏదో చేద్దాం,” అన్నాడు. సగం పని తీసుకుని ఒకరి గుమ్మం ముందు నిలబడటం నా వల్ల కాలేదు. గడువు దాటిపోయింది. వేసవి సెలవుల తరవాత కాలేజీ నన్ను పిలవలేదు.

ఆ ఏడు చెరుకు నరికాక, కోటవురట్ల వైపు మాకు మిగిలిన ఎకరన్నర పొలమూ ఇల్లు గడవడానికి అమ్మేశాం.