ఖాళీ ప్లేటు మీద అరవై కిలోలు

గగన్‌పహాడ్ లారీ తూకాల ధర్మకాంటా దగ్గర ఆగే డ్రైవర్లందరికీ ఈ మాట తెలుసు. చచ్చిపోయిన సత్తయ్య ఇంకా కాంటా ఎక్కుతున్నాడని, అతని పెళ్లాం శోభ అతన్ని తూచి, "దిగు" అని చెప్పి పంపిస్తుందని. కళ్లారా చూశామనేవాళ్లు కూడా ఉన్నారు. లారీలు నిలిపే ఇనుప ప్లేటు మీద బండి లేదట, మనిషి లేడట. బయటి బోర్డు మీద ఎర్రగా అరవై వెలిగిందట. లోపలి నుంచి మైకులో శోభ గొంతు వినిపించిందట.

ఇందులో చాలా వరకు నిజమే.

సత్తయ్య ఆ కాంటాలో ఆపరేటరు. లారీని తూచే ముందు డ్రైవరూ క్లీనరూ కిందికి దిగాలి. దిగకుండా సీట్లోనే కునికిపాట్లు పడేవాళ్లను మైకులో "దిగు" అని కేకేయాలి. పొద్దున షట్టర్ తీయగానే సత్తయ్య తానే పోయి ప్లేటు నడిమధ్యలో నిలబడి బోర్డు చూసేవాడు. అరవై వస్తే కాంటా సరిగ్గా ఉన్నట్టు. "మా సత్తన్నే తూకంరాయి" అని డ్రైవర్లు నవ్వేవాళ్లు. అన్నం డబ్బా తెచ్చిన శోభ పక్కన కూర్చుని ఆ పనంతా చూసేది. చూస్తూ చూస్తూనే నేర్చుకుంది.

అతను జబ్బుచేసి పోయాక యజమాని మల్లేశ్వర్ ఆ కుర్చీ ఆమెకే ఇచ్చాడు. పాల్మాకుల నుంచి ఆటోలో వచ్చేది. మాట తక్కువ, పని మీద చూపు ఎక్కువ. అలా రెండేళ్లు గడిచాయి.

రెండువేల పద్నాలుగు ఎండాకాలంలో, కరెంటు కోతల మధ్య, కంప్యూటర్ ఒకరోజు లేవలేదు. శంషాబాద్ నుంచి శ్రావణ్‌కుమార్ అనే రిపేరు కుర్రవాడు వచ్చి డబ్బా విప్పాడు.

"డిస్కు పోయిందక్కా. వేరేది ఏస్త. కానీ ఇది ఎక్స్‌పీ. కంపెనోళ్లే ఇగ మాతోని కాదని చేతులు దులుపుకున్నరు. కొత్త విండోస్ ఏస్తే మీ కాంటా ప్రోగ్రామ్ నడ్వది."

"పాతదే ఎయ్యి మరి."

"ప్రోగ్రామ్ ఉన్నదా యాడనన్న?"

సొరుగులో సత్తయ్య ఎప్పుడో రాయించి దాచిన సీడీ ఉంది. అది పెడితే కంప్యూటర్ లేచింది. శ్రావణ్ చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మొదటి లారీ తూకం చీటీ చరచరా బయటికి వచ్చింది. అడుగున ఆపరేటరు పేరు దగ్గర శోభ పేరు లేదు. సత్తయ్య అని ఉంది.

ఆమె ఆ చీటీని చేతిలో పట్టుకుని ఉండగానే కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. కంప్యూటర్ గురకపెడుతూ లేచింది. ఖాళీ ప్లేటు మీద అరవై.

ఎన్నాళ్ల అలవాటో, చెయ్యి మైకు మీదికి పోయింది. "దిగు" అనేసింది. బయట లింగమ్మ టీ బండి దగ్గర గ్లాసు పట్టుకున్న డ్రైవరు, ఖాళీ ప్లేటు వైపు చూసి, టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

సున్నా బటన్ నొక్కితే అరవై పోయేది. కరెంటు పోయి వస్తే మళ్లీ వచ్చి కూర్చునేది. వడగాలికి ఊళ్లన్నీ తలుపులు మూసుకునే మధ్యాహ్నాల్లో, పక్కనే శంషాబాద్‌లో దిగే విమానం మోతకు ఇనుప ప్లేటు సన్నగా మూలిగేది. ప్లేటు అంచున పడుకునే కుక్క రావడం మానేసింది, ఎండకో మరి దేనికో. లారీలు తగ్గాయి.

"నీ మొగుడు నిన్ను ఇడ్సిపెడ్తలేడే పొల్లా," అంది లింగమ్మ టీ అందిస్తూ. "బతికున్నప్పుడు గింత టైముకు డ్యూటీకి రాలే."

"గదేం మాట పెద్దమ్మా."

"భయమైతలేదా నీకు?"

"అయితున్నది. కానీ గది ఆయన కాదు."

"నీకెట్ల ఎర్క?"

శోభ మిగిలిన టీ తాగేసింది. ఖాళీ గ్లాసు తిరిగిచ్చింది.

మల్లేశ్వర్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈమధ్య ఆయన కూడా లోపలికి అడుగు పెట్టడం లేదు. "సోమవారం తూనికల శాఖోళ్లు వస్తరమ్మా. అప్పటికి సక్కగ గాకపోతే కొత్త మిషిన్ పెట్టిస్త. దాంతోని మిషిన్ కంపెనోళ్ల మనిషే వచ్చి కూసుంటడు. నేనేం జేస్త చెప్పు."

శ్రావణ్ మళ్లీ వచ్చాడు. వైరు మార్చాడు, డబ్బా దులిపాడు, ఆర్పి వెలిగించాడు. అరవై. ప్లేటు వైరు పీకాడు, అంకె మాయమైంది. పెట్టాడు, అరవై. అతని మెడ మీద చెమట పట్టింది.

"అక్కా, జర తలుపు తీసే ఉంచు," అన్నాడు. ఇంకోసారి అంకె చూసి, "కంప్యూటర్ అబద్ధమాడ్తలేదు. ప్లేటు మీద ఏదో ఉన్నది."

ఇద్దరూ కిటికీలోంచి చూశారు. ఎండలో ప్లేటు మీద ఏమీ లేదు.

"సున్నా యాడికెళ్లి తీస్కుంటున్నది ఇది?" అంది శోభ.

"సీడీలకెళ్లి. అన్న ఉన్నప్పటి సున్నా. కరెంటు వచ్చినప్పుడల్లా గదే పట్టుకుంటది. అన్న పేరు గూడ గట్లనే వచ్చింది."

"అయితే అప్పుడు లేనిది, ఇప్పుడున్నది ఏంది?"

అంటూనే ఆమె బయటికి నడిచింది. అరవై కనబడ్డ నాటి నుంచి ప్లేటు మీద అడుగు పెట్టలేదు. చెప్పుల్లోంచి కూడా ఇనుము కాలుతోంది. సత్తయ్య నిలబడే చోటికి వచ్చేసరికి కాలికింద ఎత్తు తగిలింది. వంగి చూసింది. చుట్టూ కుట్టినట్టు వెల్డింగ్ గీత. సత్తయ్య చనిపోయాక, ఆ ఏడాదే ప్లేటు అక్కడ చిట్లితే పైన మందపాటి రేకు అతికారు. ఆ రోజే సున్నా దిద్దారు. ఆ దిద్దుబాటు పాత డిస్కుతోపాటే పోయింది.

రోడ్డవతల వెల్డింగ్ షాపులో అదే మందం, అదే కొలత రేకు ఇంకోటి ఉంది. శ్రావణ్ సున్నా బటన్ నొక్కి అరవైని చెరిపాడు. ఇద్దరు మనుషులు రేకును మోసుకొచ్చి ప్లేటు మీద పెట్టి పక్కకు తప్పుకున్నారు. ఎర్రంకెలు తడబడి, నిలిచాయి. అరవై.

"అమ్మో," అంది లింగమ్మ. చూడ్డానికి మూగిన డ్రైవర్లెవరూ నవ్వలేదు.

రేకు తీయించి, శ్రావణ్ ప్రోగ్రాంలో కొత్త సున్నా నిలబెట్టాడు. "పేరు ఏం చేద్దామక్కా?" అని అడిగాడు. శోభ తెర వైపే చూస్తూ, "మార్చు," అంది. అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేశారు. సున్నా. సోమవారం వచ్చినవాళ్లు తూచి చూసుకుని ముద్ర వేసి వెళ్లారు. శోభ కుర్చీ శోభకే ఉంది.

మాట మాత్రం పోలేదు. సత్తయ్యను రేకు కింద పెట్టి వెల్డింగ్ చేశారని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. ఆ రేకు మీద చక్రం పడకుండా బండి మలుపుకునే డ్రైవర్లు ఉన్నారు. వాళ్లను కూడా ఆమె మైకులో "దిగు" అనే పిలుస్తుంది.

పోయేనాటికి సత్తయ్య అరవై కిలోలు లేడు. ఆఖరిసారి దవాఖానకు పోయిన రోజు శోభ ఒక్కతే అతన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో దాకా నడిచింది. దవాఖానలో తూస్తే ముప్పై ఎనిమిది.