మూడేడుల మాస్టారు

మాస్టారికి కాదనడం రాదు. ఇది మెచ్చుకోలుగా చెబుతున్న మాట కాదు. ఆ మెత్తదనమే మా కొంప ముంచింది.

ఇతరుల వెబ్‌సైట్లను మా సర్వరులో ఉంచి నడపడం మా ఆఫీసు పని. దుకాణాలు, బళ్ళు, క్లినిక్కులు కలిపి తొంభై రెండు సైట్లు, అన్నిటికీ ఒకటే మెషీను. దాని బాగోగులు చూసేది మాస్టారు. ఫోన్లలో తిట్లు తినేది నేను. కొత్త పేజీలు తయారుచేసేది మా తోడికోడలు. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఇంట్లో ఒకే వంటగది, ఆఫీసులో ఒకే గది. అయినా మా ఇద్దరికీ ఇంకా మాటలున్నాయంటే అది ఆమె ఓర్పే గాని నా గొప్పేమీ కాదు.

మాస్టారు ఒకప్పుడు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు నడిపారు. అది మూతపడ్డాక, నలభై దాటిన వయసులో కంప్యూటర్ల దారి పట్టారు. కొట్టబోయే ప్రతి కమాండునూ ముందు గీతల నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుని, రెండుసార్లు చదువుకుంటే గాని వేలు కదిపేవారు కాదు. అంత జాగ్రత్త మనిషి, ఎదుటివాళ్ళు కాస్త ఏడుపు గొంతు పెడితే మాత్రం నీరుగారిపోయేవారు.

"మాస్టారూ, మా ఫారం పనిచేయడం లేదు, మీరే దిక్కు" అని ఎవరైనా ఫోన్ చేస్తే చాలు. "దానికి మూడేడులు ఇచ్చేయండి, సరిపోతుంది" అనేవారు. ఏడు ఏడు ఏడు అని కొడితే ఆ ఫైలును ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, నడపవచ్చు. ఫారం వెంటనే పనిచేసేది. వాళ్ళు తెగ సంబరపడేవారు. ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి, గాలి ఎంత బాగా వస్తోందో అని మురిసిపోవడం లాంటిది అది. ఆయన లేనప్పుడు మేం ఆయన్ని మూడేడులు అనే పిలుచుకునేవాళ్ళం.

దీనికి తోడు ఇంకొకటుంది. ఫారం నింపి బటన్ నొక్కగానే వెనకాల పనిచేసే చిన్న ప్రోగ్రామును స్క్రిప్టు అంటారు. మా దగ్గర తొంభై రెండు సైట్ల స్క్రిప్టులూ ఒకే ఉమ్మడి ఖాతా పేరుతో నడిచేవి. ఒక సైటు స్క్రిప్టు తలుచుకుంటే పక్క సైటు ఫైళ్ళు చదివేయగలదు. చదివిందెవరో తెలుసుకుందామంటే రికార్డులో ఆ ఉమ్మడి పేరే కనిపిస్తుంది.

ఆ సోమవారం పొద్దున మొదటి ఫోను మానసిక వైద్యురాలిది. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు తమ బాధలు ఒక ఫారంలో రాసి పంపుతారు. అలాంటి ముప్పై ఎనిమిది ఉత్తరాలను ఎవరో పేర్లతో సహా బయట ఒక పేజీలో పెట్టేశారు. "వీళ్ళకి నా మొహం ఎలా చూపించాలమ్మా?" అంది ఆవిడ.

ఆ పేజీలో మొదటి ఉత్తరం మా వీధిలోనే ఉండే ఒకావిడది. భర్తతో పడుతున్న యాతన, మింగుతున్న మాత్రలు, అన్నీ అందులో ఉన్నాయి. సాయంత్రానికల్లా వీధి వీధంతా చదివేసింది. మర్నాడు ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

మా ఓనరు అందరినీ కూర్చోబెట్టారు. ఆ సైటు పాస్‌వర్డు ముగ్గురి దగ్గరే ఉంది: డాక్టరమ్మ, మాస్టారు, మా తోడికోడలు. పైగా నెల కిందట చెత్త బుట్ట దగ్గర మా తోడికోడలికీ ఆ వీధి ఆవిడకీ పెద్ద రభస జరిగింది. ఆ సంగతి ఆఫీసులో అభినయించి మరీ నవ్వించింది ఎవరనుకున్నారు? నేనే. ఓనరు ఆ రభసనే గుర్తుచేసి, "విషయం తేలేదాకా నువ్వు ఇంట్లో ఉండమ్మా. తేలకపోతే ఇక రావద్దు" అన్నారు. ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నిజం చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నం టీ దగ్గర మాస్టారితో అన్నాను. "ఏమో మాస్టారూ, కోపంలో చేసిందేమో. మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు."

ఆయన గ్లాసు కింద పెట్టి, "నాకూ అలాగే అనిపిస్తోందమ్మా" అన్నారు. మళ్ళీ తనే, "అనిపిస్తే సరిపోదు కదా. మెషీన్ని అడిగితే ఉమ్మడి పేరు చెబుతోంది. ఇంకోసారి ఎవరైనా చెయ్యి పెడితే ఎవరిదో తెలిసేలా చెయ్యాలి" అన్నారు.

అప్పుడు మొదలుపెట్టారు. ప్రతి సైటుకూ విడిగా ఒక ఖాతా. ఎవరి స్క్రిప్టు వాళ్ళ ఖాతా పేరుతోనే నడవాలి. మధ్యలో కాపలాకు ఒక ప్రోగ్రాము పెట్టారు. స్క్రిప్టు నడిచే ముందు అది ఆరా తీస్తుంది: ఈ ఫైలు ఎవరిది, వాళ్ళ ఫోల్డరులోనే ఉందా, దీన్ని పరాయివాళ్ళు మార్చే వీలుందా. ఏ ఒక్కటి తేడా వచ్చినా నడవనివ్వదు. కారణం రికార్డులో రాసి ఊరుకుంటుంది. మొహమాటం అనేది దానికి తెలియదు.

దాన్ని ఆన్ చేసిన పొద్దున తొంభై రెండులో యాభై నాలుగు సైట్లు చచ్చుబడ్డాయి. ఆ యాభై నాలుగింటిలోనూ మాస్టారి మూడేడులున్నాయి. పరాయివాళ్ళు మార్చగలిగే ఫైలు కాబట్టి నడపనని కాపలా ప్రోగ్రాము మొండికేసింది. నా ఫోనుకు ఊపిరాడలేదు. "ఇవ్వమన్నది మీరే కదండీ!" అని ఒకాయన నా చెవి చిల్లులు పడేలా అరిచాడు. నాకు ఒళ్ళు మండి ఫోను మాస్టారికిచ్చాను.

"అవునండీ, ఇవ్వమన్నది నేనే. తప్పు చెప్పాను" అన్నారాయన. ఫోన్ చేసిన అందరికీ అదే మాట చెప్పారు, ఒక్కొక్కరికీ విడిగా. నీళ్ళు నమలడం నేను చూడలేదు. పాత అనుమతులన్నీ సరిచేసి సైట్లను లేపడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా తోడికోడలు ఇంట్లో అల్మరాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

కాపలా పెట్టిన పన్నెండో రోజు మధ్యాహ్నం మాస్టారు నన్ను పిలిచారు. తెరమీద రికార్డులో ఒక వరస. డాక్టరమ్మ ఉత్తరాల ఫోల్డరు తెరవబోయిన స్క్రిప్టును మెషీను ఆపేసింది. ఈసారి ఖాతా పేరు స్పష్టంగా ఉంది.

"ఎవరిది మాస్టారూ?" అన్నాను.

"మా ఆవిడది" అన్నారు.

ఆయన భార్య చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. పోయి ఆరేళ్ళయింది. ఆవిడ పేరున ఆయన ఈ సర్వరులోనే ఒక పేజీ పెట్టారు. పాత విద్యార్థులు వచ్చి నాలుగు మాటలు రాసి వెళ్ళడానికి అందులో ఒక పుస్తకం లాంటిది ఉంది. దాన్ని నడిపే స్క్రిప్టు ఎక్కడినుంచో తెచ్చి, ఎక్కించి, మూడేడులు ఇచ్చి, ఇక ముట్టుకోలేదు. ఎవరో బయటి దొంగ ఆ స్క్రిప్టులోని లోపం పట్టుకుని లోపలికి దూరాడు. ఉమ్మడి పేరు చాటున అక్కడినుంచే ఉత్తరాలు ఎత్తుకుపోయాడు. భార్య పేజీ ఫోల్డరులో ఆయన పెట్టని ఫైలు ఒకటి దొరికింది. దాని తేదీ ఉత్తరాలు బయటపడడానికి ముందురోజుది. మిగతావాటికంటే ముందు ఆయన సరిచేసి లేపుకున్నది ఆ పేజీనే. పాపం, అనుమతులు చూసుకున్నారు గాని లోపం చూసుకోలేదు. దొంగ మళ్ళీ అదే దారిన వచ్చాడు.

ఆ రికార్డు చూసింది మేమిద్దరమే. ఆ వరస చెరిపేసే అధికారం ఆయన ఒక్కరికే ఉంది. చెరిపేస్తారేమో అనుకున్నాను. అనుమానం నాకో జబ్బు కాబోలు. ఆయన ప్రింటు తీసుకుని తిన్నగా ఓనరు గదిలోకి వెళ్ళారు. తలుపు వేసుకోలేదు.

ఓనరు చదివి, ఊపిరి పీల్చుకుని, "సరే, బయటి దొంగ పనే అని డాక్టరుగారికి చెబుదాం. మన సర్వరు తప్పని ఎందుకు రాయడం? మీరిది మర్చిపోండి" అన్నారు.

"అలా చెబితే మనం ఇంటికి పంపిన ఆ అమ్మాయి పాస్‌వర్డే దొంగకు చిక్కిందనుకుంటారండీ" అన్నారు మాస్టారు. "నా వల్ల జరిగిందని నేనే రాస్తాను."

కాదనడం ఆయనకు వచ్చినట్టుంది. ఉత్తరం రాసి, సంతకం పెట్టి, డాక్టరమ్మకు పంపారు. ఓనరు అడగకముందే సర్వరు పాస్‌వర్డు కాగితం మీద రాసి బల్లమీద పెట్టారు. ఆ తర్వాత భార్య పేజీ తీసేశారు. అప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేను ఫోను చూస్తున్నట్టు నటించాను.

సాయంత్రం నాతోపాటు మా ఇంటికొచ్చారు. మా తోడికోడలు టేబులు దగ్గర బీన్సు తుంచుతోంది. ఆయన నిలబడే మొత్తం చెప్పారు. సంజాయిషీ కలపలేదు, గొంతు తగ్గించలేదు. ఆమె తుంచడం ఆపి విన్నది.

"ఆ వీధావిడ ఎక్కడుందో తెలిసిందా?" అని అడిగింది ముందు.

"లేదమ్మా."

"మీరు నన్ను అనుమానించారా మాస్టారూ?"

"అనుమానించానమ్మా. రికార్డు చూసేదాకా" అన్నారాయన.

ఆమె తలూపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని మొహం తేలికపడింది. కుర్చీ జరిపి, "కూర్చోండి" అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వో అక్కా?"

"ఛ, నీ మీద నాకు అనుమానమేంటే!" అన్నాను.

మాస్టారు నావైపు చూడలేదు. ఆమె లేచొచ్చి నన్ను కావలించుకుంది, "నన్ను నమ్మింది నువ్వొక్కదానివే అక్కా" అంటూ.