ఈశాన్యంలో నీళ్ళ బటన్

బటన్లు సర్దడమే నా బతుకుదెరువు. మెదక్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి యాప్ తెరలు తయారు చేస్తాను. ఏ పెట్టె పైనుండాలి, ఏ బటన్ కుడికి జరగాలి, రెండింటికీ నడుమ ఎంత సందు వదలాలి, రోజంతా ఇదే పంచాయితీ. మా పనిని తనిఖీ చేసే మహానుభావుడు ఒకడున్నాడు. బటన్ వెంట్రుకవాసి పక్కకుంటే చాలు, ఎర్రగా సున్నా చుట్టి వెనక్కి పంపుతాడు. యాప్ వాడేవాళ్ళెవరూ ఏనాడూ ఆ సందు గురించి అడిగిన పాపాన పోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకర్థం కాదు.

మా అమ్మైతే దీన్ని ఉద్యోగమనే ఒప్పుకోదు. చిక్కుడుకాయలు తుంచుకుంటూ నా వెనక నిలబడి చూస్తుంది.

"పొద్దుగాల గా డబ్బ గటు జరిపినవ్. మాపటికి మల్ల గిటే తెచ్చినవ్. దీనికి నీకు జీతమిస్తుండ్రా?"

"ఇస్తుండ్రమ్మా. నీకు చీరలు ఏడికెల్లి వస్తున్నయనుకున్నవ్?"

"గట్లయితే జరుపు, జరుపు," అనేసి వంటింట్లోకి పోతుంది.

నాయిన మేస్త్రి. పాపన్నపేట, టేక్మాల్ దిక్కు ఆయన కట్టిన ఇళ్ళు ఇప్పటికీ ఆటోలోంచి వేలు పెట్టి చూపిస్తుంది అమ్మ. ఇంజనీరు గీసిచ్చిన ప్లాను ఉన్నా సరే, ఖాళీ సిమెంటు బస్తా చింపి, దాని మీద చెవి సందులోని పెన్సిలుతో మళ్ళీ తన ప్లాను గీసుకుంటే గానీ ముగ్గు పోయించేవాడు కాదు. అట్లాంటి మనిషికి ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది.

దవాఖాన నుంచి ఇంటికొచ్చాక నడక కాస్త కుదిరింది గానీ మాట కుదరలేదు. నాలుక మీద ఒక్కటే మిగిలింది: "గదే." నీళ్ళూ గదే, అన్నమూ గదే, ఫ్యాను ఆపమన్నా గదే. "ఏది నాయినా?" అంటే "గదే!" అని, మన తెలివికి జాలిపడి చూసేవాడు. మొదట్లో మేం నవ్వాం, ఆయనా నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. కూలీలందరినీ ఒక్క కేకతో కదిలించిన మనిషి, గ్లాసెడు నీళ్ళు అడగలేక గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఏదో ఒక తీరుగ ఆయనను అడగనియ్యుండ్రి. అడుగుడు బందు పెడితే మనిషి తేరుకోడు." మాట పోతే పోనీ, మనిషే చేజారిపోతాడేమోనని భయం పట్టుకుంది.

బటన్లు సర్దే బిడ్డ ఇంట్లోనే ఉందాయె, ఇంకేం! పాత ట్యాబ్ ఒకటి దులిపి, తెర నాలుగు మూలల్లో నాలుగు పెద్ద బటన్లు పెట్టాను. ఏది నొక్కితే దాని మాట నా గొంతుతో పలుకుతుంది. ఆఫీసులో నేర్చిన విద్యంతా చూపించాను. నాయిన ఎడమచేత్తో నొక్కుతాడు కాబట్టి, తొందరగా అందాల్సిన బాత్రూం బటన్ ఎడమవైపు కింది మూలకు. దానిపైన, ఎడమవైపు పై మూలకు నీళ్ళు. కుడివైపు పైన అన్నం, దాని కింద పడక. ప్రతి బటన్ మీదా బొమ్మ, ప్రతిదానికీ వేరే రంగు. మా మహానుభావుడే వచ్చి చూసినా వంక పెట్టలేడని మురిసిపోయాను.

ఆ పొద్దు మా ఇంట్లో జరిగిన భాగోతం ఏమని చెప్పను! నాయిన కుడి పై మూల నొక్కాడు. "ఆకలైతుంది" అంది ట్యాబ్. అమ్మ సంబరంగా పప్పన్నం కలిపి తెచ్చింది. ఆయన పళ్ళెం తోసేశాడు. కాసేపటికి ఎడమ పై మూల నొక్కాడు. "నీళ్ళు కావాలె" అంది. పెద్ద గ్లాసు నిండా తెచ్చాం. మొహం ఎర్రగా చేసుకుని తల అడ్డంగా ఊపాడు. "నువ్వే అడిగినవ్ కద, తాగు మరి," అని అమ్మ బతిమాలి బామాలి తాగించింది. ఆయనకు కావాల్సింది నీళ్ళు కాదు, బాత్రూమని పక్కబట్టలు మార్చేటప్పుడు తెలిసింది. మధ్యాహ్నం కుడి కింది మూల నొక్కితే "పడుకుంట" అంది. మేం బుద్ధిగా దుప్పటి కప్పి, కిటికీ మూసి, తలుపు దగ్గరికేసి బయటికొచ్చాం. కడుపు కాలుతున్న మనిషిని! లోపల్నుంచి "గదే! గదే!" అని ఒకటే అరుపు.

"బొమ్మలున్నయ్ కద నాయినా, జర చూసి నొక్కు," అంటే వినడు. కళ్ళజోడు పెట్టుకోడు, పెట్టుకుంటే ముసలోడిలా కనబడతానని ఆయన బెంగ. నాకూ చిర్రెత్తుకొచ్చింది. రంగులు మార్చాను, బొమ్మలు పెంచాను, ఏం చేసినా అదే తంతు. చివరికి ఆయన ట్యాబ్‌ను బోర్లించేసి గోడవైపు తిరిగాడు. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

"నీ డబ్బలు నువ్వే జరుపుకో పో," అని నన్ను కసిరి, అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ సాయంత్రమే పెయింటర్ చాచా వచ్చాడు. నాయిన కట్టిన ఇళ్ళన్నిటికీ రంగులు వేసింది ఈయనే. ఇద్దరికీ పని దగ్గర రోజూ కొట్లాట, సాయంత్రం రోజూ ఒకే చోట చాయ్. నిజాంపేటలో పని దిగి, చేతులకు రంగు మరకలతోనే వచ్చేశాడు.

"ఏం మేస్త్రీ, మస్తు ఆరాం చేస్తున్నవ్!" అంటూ మంచం మీద కూర్చుని, బోర్లించి ఉన్న ట్యాబ్‌ను తిప్పి చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"బేటీ, గీ ఇల్లు ఎవలు కట్టిండ్రు?"

"ఇల్లేంది చాచా? అది యాప్."

"ఏమో, నాకైతే ప్లాను లెక్క కనబడుతుంది. ఈశాన్యంల వంటిల్లు పెట్టినవ్. నైరుతిల బాత్రూం! తోబా తోబా. గీ ఇంట్ల మేస్త్రి ఒక్క దినమన్న ఉంటడా?"

ఆయన ఊరికే వేళాకోళానికి అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాయిన సిమెంటు కాగితం మీద ప్లాను గీస్తే పైవైపు ఎప్పుడూ ఉత్తరమే. కుడి పై మూల ఈశాన్యం, అక్కడ బోరు, సంపు, నీళ్ళు. కుడి కింద ఆగ్నేయం, వంటిల్లు. ఎడమ కింద నైరుతి, పడకగది. ఎడమ పైన వాయవ్యం, బాత్రూం. జన్మంతా ఇదే గీశాడు. తలలో మాటలు చెదిరిపోయినా దిక్కులు చెదరలేదు. దాహమైతే ఆయన వేలు నీళ్ళుండే మూలకే పోయింది. ఆ మూలలో వంట పెట్టుకుని కూర్చుంది మేమే.

బటన్లు మార్చడం ఎంత పని! కోడ్‌లో ఏది ఏ వరసలో, ఏ గడిలో ఉండాలో చెప్పే అంకెలు తారుమారు చేస్తే చాలు. చాచా చాయ్ తాగేలోపు అయిపోయింది. నడుమ ఖాళీ జాగాలో గడియారం పెడదామనుకుంటే చాచా ఊరుకోలేదు.

"నడిమిట్ల ఏం పెట్టకు బేటీ. గది బ్రహ్మస్థానం. ఆడ బరువు పెడితే మేస్త్రి ఒప్పుకోడు. నాతోని ఎన్నిసార్లు కొట్లాడలే!"

సరేనని వదిలేసి, ట్యాబ్ తీసుకెళ్ళి నాయిన ముందు పెట్టాను. మొహం తిప్పుకున్నాడు. చాచా ఆయన ఎడమచేతిని పట్టుకుని, "ఒక్కసారి చూడు మేస్త్రీ, ఇల్లు మొత్తం కూలగొట్టి మల్ల కట్టినం," అన్నాడు. వేలు మెల్లగా ఈశాన్యానికి పోయింది. "నీళ్ళు కావాలె" అంది ట్యాబ్. అమ్మ చెంబుతోనే పరుగెత్తుకొచ్చింది. నాయిన తాగాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తాగాడు. ఆ తర్వాత ఆగ్నేయం నొక్కి కడుపునిండా తిన్నాడు. "నా బిడ్డ చేసిందిది," అని అమ్మ పక్కింటికి వినబడేలా అంది.

మర్నాడు ఇంకో గొడవ. ట్యాబ్ ఎటు తిప్పితే అటు బటన్లు వాటంతటవే సర్దుకునేలా రాశాను. మా వృత్తిలో అదొక గొప్ప. మంచం మీద అది కాస్తా పక్కకు ఒరిగేసరికి నాలుగు గదులూ బస్టాండు దగ్గరి దుకాణాల్లా ఒక్క వరసలో నిలబడ్డాయి. అప్పుడు నాయిన నన్ను చూసిన చూపు పగవాళ్ళకు కూడా వద్దు. లెంపలేసుకుని, తెర తిరగకుండా బందు పెట్టాను.

అన్నీ కుదిరాయి అనుకుంటుండగా నాయిన తెర నడుమ నొక్కడం మొదలుపెట్టాడు. అక్కడేమీ లేదు. అమ్మ వంటింట్లో, నేను మీటింగులో ఉన్నప్పుడల్లా టక్ టక్ మని చప్పుడు. గురి తప్పుతోందేమోనని బటన్లు ఇంకాస్త పెద్దవి చేశాను. అయినా నడుమే. నీళ్ళా అంటే కాదు, అన్నమా అంటే కాదు. విసిగిపోయిన అమ్మ, బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుని ఏరసాగింది. టక్ టక్ ఆగింది. బియ్యం ఏరడం అయ్యాక లేచి వెళ్ళింది. మళ్ళీ టక్ టక్.

"నడిమి జాగల మీ నాయిన ఏం కట్టడు," అంది అమ్మ గుమ్మంలో ఆగి. "ఏ ఇంట్ల జూడు. అందరు వచ్చి కూసునే జాగ గది."

ఆ ఖాళీలో నేను బొమ్మ పెట్టలేదు, రంగు పెట్టలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచి, అక్కడ వేలు పడితే నా ఫోన్ మోగేలా మాత్రం రాశాను.

తెల్లవారి మీటింగు మంచి రసపట్టులో ఉండగా ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం," అని లేచి లోపలికి వెళ్ళాను.

"ఏంది నాయినా?"

ఆయన ఎడమచెయ్యి మంచానికి ఆనించి, పళ్ళు బిగపట్టి, ఒళ్ళంతా ఈడ్చుకుంటూ గోడవైపు జరిగాడు. పక్కన ఒక మనిషికి సరిపడా జాగా అయింది. ఆ జాగా మీద చేత్తో తట్టాడు. పెదవులు చాలాసేపు కదిలాయి.

"కూ... కూసో," అన్నాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మా, నాయిన మాట్లాడిండే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, ఆయన పక్కన కూర్చున్నాను. ముందుగదిలో ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో నన్ను పిలుస్తూనే ఉన్నారు. పిలవనీ అనుకున్నాను.