వద్దన్నచోట చేపలు

కాలేజీలో చరిత్ర చదువుతున్న రోజుల్లో నా పాలబడిన ఊరు ఇంగ్లండులోది. దాని నాలుగైదు వందల ఏళ్ల నాటి నగరసభ తీర్మానాలు అచ్చయి, లావుపాటి సంపుటాలుగా రంగూన్ దాకా వచ్చాయి. వాటి ఆధారంగా అక్కడి జనజీవనం మీద వ్యాసం రాయాలి. రాజుల ఊసు పెద్దగా లేదు. వీధిలో పేడ ఎవరు పోశారు, పొరుగావిడను ఎవరు తిట్టారు, అంతా అదే. చదువుతుంటే పరాయి ఊరనిపించేది కాదు.

వంతెన మొదట్లో చేపలు అమ్మరాదని ఒకచోట ఆజ్ఞ ఉంది. మరుసటేడు మళ్లీ అదే. ఆ పై ఏడూ అదే. ఎంతో కట్టుదిట్టమైన పాలన అని రాసుకున్నాను.

అప్పుడే మా పిన్నికి చిక్కొచ్చింది. రంగూన్‌లోనే లత అనే పేటలో ఒక సందు మొగన బాబాయి అట్ల పొయ్యి పెట్టేవాడు. ఆయన పోయాక పిన్ని అక్కడే కూర్చుంది. రేవు కూలీలు పొద్దున్నే తిని పోయేవారు. ఆ చోటు పోతే ఆమెకు వేరే ఆధారం లేదు. మునిసిపాలిటీ గుమాస్తా, మన విశాఖపట్నం వైపువాడే, అప్పుడప్పుడూ వచ్చి లెమ్మనేవాడు. ఆమె లేచేది. ఆయన సందు తిరిగాక కూర్చునేది.

చదువుకున్నవాణ్ణి కనుక ఊరుకోలేకపోయాను. వ్యాపారి చనిపోతే అతని అంగడి భార్యకే చెందే ఆచారం ఆ సంపుటాల్లో దొరికింది. పుటల సంఖ్యలతో సహా ఇంగ్లీషులో అర్జీ రాసి ఇచ్చాను.

గుమాస్తా శ్రద్ధగా చదివాడు. "ఈ ఊరు ఏ వార్డులోది బాబూ?"

"ఇంగ్లండులోదండి."

"అలగా. ఇన్నాళ్లూ మీ పిన్ని ఇక్కడున్నట్టు ఏ కాయితంలోనూ నేదు. నోటితో లెమ్మంటే నోటితోనే సరిపోయీది. ఇప్పుడు నువ్వు రాసిచ్చినావు. నాను జవాబు రాయాల గదా."

రాశాడు. చోటు ఖాళీ చెయ్యాలని ఆజ్ఞ వచ్చింది.

"ఏటి రాసినాడ్రా?" అంది పిన్ని అట్టు తిరగేస్తూ.

"లేచిపొమ్మన్నాడు పిన్నీ."

"ఎప్పుడూ సెప్పీదే గదేటి. దానికి నువ్వు ఇంగిలీసులో అడగాలా?"

ఆజ్ఞ తెచ్చిన బంట్రోతు అట్లు తిని వెళ్లాడు. జవాబు రాసేశాక గుమాస్తా మళ్లీ నోటిమాటకే దిగాడు. పిన్ని ఆ చోటు వదల్లేదు. మరుసటేడు పాత కాగితాలు తిరగేసినప్పుడు కాబోలు, అదే ఆజ్ఞ కొత్త తేదీతో వచ్చింది. అది చదువుతుంటే ఆ వంతెన దగ్గరి చేపల వాసన నాకు మొదటిసారి తగిలింది. ఏటేటా వద్దన్నారంటే ఏటేటా అమ్మారన్నమాట. ఇంకా ఇవ్వని వ్యాసంలో కట్టుదిట్టమైన పాలన అన్న వాక్యం కొట్టేసి ఈ మాట రాశాను. ఇది ఎక్కడ గ్రహించావని ఆచార్యులు మెచ్చుకోలుగా అడిగారు. లతలో అని చెప్పే ధైర్యం చాలక, సంపుటాల్లోనే అన్నాను.

తరువాత ఏటా ఆ ఆజ్ఞ కోసం ఎదురుచూడడం నాకు అలవాటైపోయింది. అది వచ్చిందంటే పొయ్యి వెలుగుతున్నట్టే. ఒక ఏడు రాలేదు. అప్పటికి మోకాళ్లు సహకరించక పిన్ని తామ్వే పేటలో మా ఇంట్లోనే ఉంటోంది. కాగితాలు చూసేవారికి మునిసిపాలిటీ మాట చివరికి నెగ్గినట్టే కనిపిస్తుంది.

ఈసారి ఆజ్ఞ రాలేదని ఆమెకు చెప్పాను.

"మరి ఇప్పుడు అక్కడ ఎవులు కూకున్నారు?" అని అడిగింది.

ఎవరూ లేరన్నాను. మోకాళ్లు నిమురుకుంటూ లేవబోయింది.