గూఢచారి కాళ్లకు నీళ్లు

ఏలూరులో ఒక దర్జీ ఇంటి మేడ మీద రెండు గదుల్లో మేం అద్దెకు ఉంటున్నాం. మేం అంటే నేనూ మా పిన్నీ. పిన్ని మా చిన్నాన్న భార్య. చిన్నాన్న పోయి చాలా కాలమైంది. నేను పెళ్లి చేసుకోలేదు. మా ఇంటిపేరు వాళ్లలో మిగిలింది మేమిద్దరమే. పెదపాడు దాటాక మాకు పెద్ద ఇల్లు ఉండేది. ఇప్పుడు ఆ చోట చేపల చెరువు ఉంది. ఇది దాచవలసిన సంగతి కాదు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకోవలసిందీ కాదు.

పిన్నికి సినిమాల మీద గౌరవం లేదు. టీవీలో రోజూ సాయంత్రం వచ్చే గూఢచారి సీరియల్ మాత్రం ఒక్కనాడూ మానదు. అందులో హీరో పైకి వంటల కాంట్రాక్టరు. పెళ్లిళ్లకీ ఆఫీసు విందులకీ గరిటెలతో, గుండిగలతో వెళ్లి, అక్కడ దేశద్రోహుల్ని పట్టుకుంటాడు. వారానికొక విగ్గు మారుస్తాడు. తాను కాపాడవలసిన వస్తువుని ప్రతిసారీ పోగొట్టుకుంటాడు, అది ఎలాగో మళ్లీ అతని చేతికే వచ్చి పడుతుంది. తుపాకీ గురి అతని మీద ఉన్నప్పుడే వాళ్లమ్మ ఫోను చేసి అన్నం తిన్నావా అని అడుగుతుంది. అతను ప్రతిసారీ తిన్నానమ్మా అని అబద్ధం చెబుతాడు. కింద దర్జీగారి భార్య కూడా ఆ వేళకి పైకి వచ్చి పిన్ని పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ ఆ కుర్రాడి గురించి సొంత మేనల్లుడి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు.

నా చిన్నతనంలో సినిమాలు హాళ్లలో ఆడి ఆడి, బొమ్మ అరిగిపోయాక టీవీకి వచ్చేవి. ఇప్పుడు టీవీలో పేరు తెచ్చుకున్నవి హాళ్లకి వెళుతున్నాయి. ఈ గూఢచారి కూడా అలాగే వెళ్లాడు. మొదటిసారి రెండు వారాల ఎపిసోడ్లు కలిపి కుట్టి, మధ్యలో ఒక పాట పెట్టి సినిమా అని వదిలారు. పిన్ని హాల్లో కాసేపు చూసి, ఇది మనం చూసిందే, ఆ తల్లి చీర కూడా అదే, అని చెప్పి ఇంటర్వెల్‌కే లేచి వచ్చేసింది. రెండోది అలా కాదు. కొత్త కథ రాశారు, హెలికాప్టర్ పెట్టారు, కొల్లేట్లో దోనెల మీద వెంటబడే దృశ్యం పెట్టారు. విగ్గులు మాత్రం పాతవే. నేను ఉన్నది ఆ రెండో సినిమాలో.

నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ రైలే. ఒక సాయంత్రం రైలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద అందరూ బెంచీలకీ స్తంభాలకీ చేరగిలబడ్డారు. నేను నిలబడి ఉన్నాను. టోపీ పెట్టుకున్న ఒక కుర్రవాడు నా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏవండీ, మీరు మిలిటరీలో చేశారాండీ?"

"లేదండి."

"మరి ఇలా నిలబడ్డారేంటండీ?"

నిలబడటం అంటే ఇలాగే కదా అన్నాను. అతను ఆ సినిమాకి అసిస్టెంటు డైరెక్టరు. కొల్లేరు ఒడ్డున ఒక పాత బంగళాలో జమీందారు ఇంటి సీను తీయబోతున్నామనీ, పాతకాలపు ఇంటి మనిషిలా నిలబడగలిగినవాళ్లు దొరకడం లేదనీ, ఒక్కరోజు వచ్చి వెళ్లమనీ అడిగాడు. ఏ వేషమో నేను అడగలేదు. జమీందారు ఇల్లు, నాలాంటి మనిషి. అడగవలసింది ఏదైనా ఉందని నాకు తోచలేదు.

అయినా ఒప్పుకునేవాణ్ణి కాదు. మన ఇంటివాళ్లకి సినిమాలేమిటి అని పిన్ని అంటుందనుకుని ఇంట్లో చెప్పాను. పిన్ని చేతిలో గరిటె పక్కన పెట్టి, ఆ కుర్రాడు ఉంటాడా అని అడిగింది. ఉంటాడన్నాను. "అయితే వెళ్లిరా నాయనా. జమీందారు ఎలా ఉండాలో వాళ్లకి మాత్రం ఎవరు చెబుతారు?" అంది. మర్నాటికి వీధి వీధంతా నేను జమీందారు వేషం వేస్తున్నానని తెలిసిపోయింది. ఫోను చేసి వస్తానని నేను అప్పటికే మాట ఇచ్చాను.

మా తాతగారి నల్ల కోటు ఒకటి మా దగ్గర మిగిలింది. మెడదాకా బొత్తాలు ఉండే కోటు. దాన్ని కిందికి తీసుకెళ్లి దర్జీగారికి ఇచ్చాను. ఆయన నాకు తొడిగి, భుజాలు చూసి, వెనక్కి తిప్పి చూసి, దీనికి నేను చెయ్యవలసింది ఏమీ లేదండీ, మీకోసం కుట్టినట్టే ఉంది అన్నారు. వదులైన ఒక బొత్తాం మాత్రం బిగించి ఇచ్చారు. ఆయన మా ఇంటి యజమాని. నన్ను బాబుగారూ అని పిలుస్తారు. వద్దని నేను ఎప్పుడూ అనలేదు.

కారు పంపించారు. మా ఇల్లు ఉండిన చోటి చేపల చెరువు పక్కనుంచే వెళ్లాం. చెరువులో గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి. డ్రైవరు ఈ చెరువు మంచి దిగుబడండీ అన్నాడు. అవునా అన్నాను.

బంగళా దగ్గర పెద్ద హడావిడి. ఒడ్డున నీళ్ల మీద పెరిగిన గుర్రపుడెక్క తొలగించి దోనెలు కట్టారు. వరండాలో జరీ అంచు పట్టుపంచె, మెడలో పచ్చల హారంతో ఒక ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన నటుడు. జమీందారు ఆయన. బట్టలు ఇచ్చే మనిషి నాకు తెల్ల చొక్కా, తలపాగా, భుజం మీంచి నడుముకి వచ్చే ఎర్ర పట్టీ, దానికో ఇత్తడి బిళ్ల ఇచ్చాడు. నాది బంట్రోతు వేషం. గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లని లోపలికి తీసుకెళ్లాలి.

ఆ మనిషి నా సంచిలో కోటు చూసి, ఇది మా సార్‌కి ఇస్తారాండీ, సీను అవగానే ఇచ్చేస్తాం అని అడిగాడు. ఇవ్వనన్నాను. కోటు మడిచి మళ్లీ సంచిలో పెట్టాను. టోపీ కుర్రవాడికి నా ముఖంలో ఏదో కనిపించినట్టుంది, ఇబ్బంది అనుకుంటే వద్దులెండి, ఇంకెవరినైనా చూస్తాం అన్నాడు. వస్తానని మాట ఇచ్చాను కదండీ అని పట్టీ వేసుకున్నాను. వీధి ఏమనుకున్నా నాకు ఒకటే. పిన్ని మా ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. ఆ బిళ్లతో నన్ను పిన్ని చూస్తుంది. నా మనసులో ఉన్నది అదొక్కటే.

సీను ఇది. గూఢచారి ఒక రహస్యమైన మ్యాపు తన అరికాలి మీద గీయించుకున్నాడు. సోదా చేసేవాళ్లు జేబులు చూస్తారు గాని అరికాళ్లు చూడరు కదా. తీర్థయాత్రలకి వెళ్లే ఆసామిలా చెప్పులు లేకుండా జమీందారు ఇంటికి వస్తాడు. నేను అతన్ని నేరుగా హాల్లోకి తీసుకెళ్లాలి. ఒకసారి చేసి చూశాం. అతను వచ్చాడు, నేను గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను.

"ఏమైందండీ?" అన్నారు డైరెక్టరు.

"కాళ్లకు నీళ్లివ్వకుండా లోపలికి ఎలా తీసుకెళతామండీ?"

అది నేను అనవలసిన మాట కాదు. కాని కాళ్లు అలా నడవలేదు. ఆయన కోప్పడలేదు. మీ ఊళ్లో అలా చేస్తారా అని అడిగారు. ఊళ్లో సంగతి కాదు, మా ఇంట్లో అలా ఉండేదని చెప్పాను. కలెక్టరు వచ్చినా, చేపల గంప ఎత్తుకున్న మనిషి వచ్చినా, ఇంటాయనే చెంబు రెండు చేతులతో పట్టుకుని కాళ్ల మీద నీళ్లు పోయాలి. నౌకర్లు బిందె తెచ్చి పెట్టవచ్చు, చెంబు ముట్టుకోకూడదు. వచ్చినవాళ్లు కాళ్లు తుడుచుకున్నాకే మాట. మా తాతగారు ఎవరి ముందూ నడుము వంచిన మనిషి కాదు. ఈ ఒక్క పనికి మాత్రం వంచేవారు.

డైరెక్టరు కాసేపు నన్నూ, గూఢచారి పాదాల్నీ చూశారు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు.

"అయితే మనవాడి మ్యాపు పోయినట్టేగా."

సీను మార్చేశారు. గూఢచారికి నీళ్లు చూడగానే గుండె ఆగిపోవాలి. నా కాళ్లు శుభ్రంగానే ఉన్నాయండీ అనాలి, ఒంటికాలి మీద గెంతాలి, కాలు కిందపెట్టకుండా అరుగు ఎక్కడానికి చూడాలి. ఆ ఇంట్లో నీళ్లు పోయకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు. చివరికి నీళ్లు పడాలి, మ్యాపు కరిగి నీలంగా మెట్ల మీదుగా కొట్టుకుపోవాలి. అప్పుడే వాళ్లమ్మ ఫోను చెయ్యాలి.

నీళ్లు పోయవలసింది ఇంటాయన. అది కూడా డైరెక్టరుకి చెప్పాను. ఆయన వరండాలోకి వెళ్లి అడిగారు. పట్టుపంచె ఆయన తనకి నడుము పట్టేసిందనీ, వంగితే లేవలేననీ, అంత ఎండలో ఇంకొకరి కాళ్లు తాను కడగడమేమిటనీ అన్నారు. డైరెక్టరు తిరిగి వచ్చి, మీరే పోసేయండి మాస్టారూ, ఆయన వెనకాల నిలబడి చూస్తారు అన్నారు.

పోశాను. చాలాసార్లు పోయవలసి వచ్చింది. గూఢచారి వేషం వేసిన కుర్రవాడు మర్యాదస్థుడు, ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని లేపబోయేవాడు. మీలాంటి పెద్దవాళ్లు నా కాళ్లు తడపడం బాగాలేదండీ అన్నాడు. వచ్చినవాళ్లు అలా అనకూడదని చెప్పాను.

ఇంటికి వచ్చాక పిన్ని ఆ కుర్రాడి గురించి అడిగింది, ఏం తిన్నాడని అడిగింది. తరవాత, కుర్చీలో ఎలా కూర్చున్నావురా అంది. "కూర్చోలేదు పిన్నీ. నిలబడే ఉన్నాను" అన్నాను. "అదీ నిజమే. ఎవరైనా వస్తే మావగారు మాత్రం కూర్చున్నారా ఏంటి" అంది. ఇంకేమీ అడగలేదు. సినిమా వచ్చేదాకా కొన్ని నెలలు నేను ఆ మాట దాటి ఏమీ చెప్పలేదు.

సినిమా ఏలూరు వచ్చింది. మధ్యాహ్నం ఆటకి వెళ్లాం. ఒక చివర నేను, తరవాత పిన్ని, దర్జీగారి భార్య, అటు చివర దర్జీగారు. మెయిన్ రోడ్డు మీద పోస్టర్లో హెలికాప్టర్, గుండిగ, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. హాలు నిండింది. సీరియల్లో చూసిన ముఖం తెర మీద అంత పెద్దగా వచ్చేసరికి పిన్ని ఒకసారి వెనక్కి జరిగి కూర్చుంది. కుర్రాడు చిక్కిపోయాడు అని దర్జీగారి భార్యతో అంది.

బంగళా వచ్చింది. పట్టుపంచె ఆయన వరండాలో కనిపించారు. "వీడెవడ్రా?" అంది పిన్ని. ఇంక చెప్పక తప్పదనుకున్నాను. "పిన్నీ, అసలు సంగతేమిటంటే" అని మొదలుపెట్టాను. అంతలో నేను తెర మీదకి వచ్చాను.

గూఢచారి గెంతడం మొదలుపెట్టగానే హాలంతా నవ్వింది. మా ఇంటి పద్ధతి చూసి నవ్వుతారని నేను సిద్ధపడే ఉన్నాను. వాళ్లు నవ్వింది దాన్ని చూసి కాదు, అతని కాలుని చూసి. నేను నడుము వంచి రెండు చేతులతో చెంబు పట్టుకుని నీళ్లు పోశాను. తెర మీద అది కొద్దిసేపే. నీలం నీళ్లు మెట్లు దిగాయి, ఫోను మోగింది, హాలు మళ్లీ నవ్వింది.

పిన్ని నవ్వలేదు. ఆవిడ కోడలిగా మొదటిసారి మా గుమ్మం ముందు నిలబడినప్పుడు మా తాతగారు ఆవిడ కాళ్ల మీద కూడా అలాగే నీళ్లు పోశారని నాకు తెలుసు. మామగారు కోడలి కాళ్లకు నీళ్లు పోయడమేమిటని బంధువులు చాలా రోజులు చెప్పుకున్నారట. పిన్ని దర్జీగారి భార్య వైపు తిరిగింది.

"చూశారా, అదీ మా ఇల్లు. ఆ పట్టుపంచె ఆయన ఎవరో చుట్టంలా నిలబడి చూస్తున్నాడు. ఇంటాయన నీళ్లు పోస్తున్నాడు."

తరవాత నా వైపు వంగి, "నడుముకి ఆ బిళ్లేవిట్రా? మనింట్లో అలాంటిది లేదే" అంది.

"వాళ్లు పెట్టారు పిన్నీ."

"వాళ్లకేం తెలుసు" అంది.

ఆట వదిలాక ఆడవాళ్లిద్దరూ ముందు నడిచారు. దర్జీగారు నా పక్కకి వచ్చి, కోటు వేసుకోలేదేమండీ అన్నారు. అవసరం పడలేదన్నాను. కొంత దూరం నడిచాక గొంతు తగ్గించి, "బట్టలు కుట్టేవాణ్ణి కదండీ, ఆ డ్రస్సు ఎవరిదో నాకు తెలుసు. మా ఇంటావిడకి చెప్పనులెండి" అన్నారు. చెప్పినా ఫరవాలేదండీ అన్నాను. ఆయన చెప్పలేదు.

సినిమాలో ఆ నీళ్ల సీను బాగా నవ్వించిందని కొన్నాళ్లకి సీరియల్లో కూడా పెట్టారు. ఈసారి గూఢచారి వేరే ఊళ్లో, వేరే విగ్గుతో, ఒక మిల్లు యజమాని ఇంటికి వెళతాడు. పట్టుబట్టల్లో ఉన్న ఆ యజమాని నవ్వుతూ, ఒంటి చేత్తో చెంబు వంచి అతని కాళ్ల మీద నీళ్లు కుమ్మరించాడు. దర్జీగారి భార్య నవ్వింది. పిన్ని కళ్లజోడు సవరించుకుని చూసింది.

"పట్టుబట్టలు కట్టాడు గాని, వీడు ఇంటాయన కాడు" అంది. ఆ మాట అంటున్నప్పుడు టీవీ వైపు కాకుండా నా వైపు చూసింది.

టీవీలో ఫోను మోగింది. వాళ్లమ్మ అన్నం తిన్నావా అని అడిగింది.