జుల్మీరా గుమ్మం ముందు మంట

మా ఉంబురానా ఊరి బాప్టిస్టు సంఘంలో బాప్తిస్మం అంగీలు కుట్టేది నేనే. తెల్ల బట్ట, పొడుగు చేతులు, అంచు మడతలో చేపల వలకు కట్టే సీసపు గుళ్ళు. ఆ గుళ్ళు లేకపోతే చెరువులో దిగగానే అంగీ గొడుగులా పైకి లేస్తుంది. గట్టు మీదివాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థించాల్సిన సమయంలో కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. జెర్సీనాకు కుట్టిన అంగీ మాత్రం నా పెట్టెలో చాలాకాలం మడత విప్పకుండా ఉండిపోయింది. దాని సంగతే ఇది.

జెర్సీనా బస్సులు ఆగేచోట మొక్కజొన్న రవ్వను ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టిన మేకమాంసంతో కలిపి అమ్మేది. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆదివారం చర్చి తలుపు తీసేది ఆమె, బెంచీలు తుడిచేది ఆమె. మిషన్ జీపు పల్లెల మీదికి సువార్తకు బయల్దేరితే అందరికీ తిండి మూటలు కట్టేదీ ఆమే. అయినా నెలకోసారి ప్రభువు బల్ల జరిగేటప్పుడు ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం తన దాకా వస్తే, దాన్ని అందుకుని, తాగకుండా పక్కవాళ్ళకు అందించేది. ఆమెకు బాప్తిస్మం కాలేదు మరి. కాకపోవడానికి కారణం అమాన్సియో. ఇద్దరూ పడుచుతనంలోనే కాపురం పెట్టారు, పిల్లల్ని కన్నారు, పెళ్ళి మాత్రం చేసుకోలేదు. రిజిస్ట్రారు ముందు పెళ్ళి కానిదే మా సంఘం జంటగా బతికేవాళ్ళకు బాప్తిస్మం ఇవ్వదు.

"ముగ్గురు పిల్లలు పుట్టాక పెళ్ళేంటే? ఊరంతా నవ్వి చస్తారు," అనేవాడు అమాన్సియో.

"నవ్వితే నవ్వనీ. పళ్ళెం అందించీ అందించీ చేతులరిగిపోయాయి నాకు. తాగేదెప్పుడు?" అనేది ఆమె.

చివరికి ఓ రోజు మనవరాలు నలుగురిలో "తాతా, అమ్మమ్మ నీ పెళ్ళామేనా?" అని అడిగేసరికి అతనికి తల తీసేసినట్టయింది. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జెర్సీనాను వెంటబెట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి నడిచి పెళ్ళి చేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే జెర్సీనా నా దగ్గరికొచ్చి అంగీకి కొలతలిచ్చింది. జూన్‌లో యోహాను పండుగ వెళ్ళిన మరుసటి ఆదివారం సంఘం ముందు విచారణ, ఆపై వారం చెరువులో బాప్తిస్మం అని పాస్టర్ లిండోల్ఫో చెప్పారు.

సరిగ్గా ఆ పండుగే ఆమె మెడకు చుట్టుకుంది.

యోహాను పండుగ ముందురోజు పొద్దుగూకేవేళ మా వీధిలో కేథలిక్కులందరూ గుమ్మం ముందు కట్టెలు గూడులా పేర్చి మంట వేస్తారు. చావు జరిగిన ఇల్లు ఒక్కటే ఆ ఏడు మంట వెయ్యదు. బతికున్నవాళ్ళు మంట మానేస్తే ఆ ఇంటికి చావును పిలిచినట్టే అంటారు. ఇద్దరు మనుషులు చేయీ చేయీ పట్టుకుని ఆ మంట చుట్టూ తిరిగి మాట ఇచ్చుకుంటే కొమాద్రిలు అవుతారు. తోడబుట్టకపోయినా అప్పటినుంచి తోబుట్టువులే. చచ్చేదాకా ఆ చుట్టరికం తెగదు. మంట వెలిగించాల్సింది ఇంటి మనిషైనా కావాలి, అలాంటి చుట్టమైనా కావాలి. పరాయి చెయ్యి పనికిరాదు.

జెర్సీనాకు ఎదురింటి జుల్మీరా కొమాద్రి. ఇద్దరూ చిన్న గౌన్లు తొడిగే వయసులో మంట చుట్టూ తిరిగారు. తర్వాత జెర్సీనా విశ్వాసి అయింది, జుల్మీరా జపమాల వదల్లేదు. ఒకరి దేవుణ్ణి ఒకరు వెక్కిరించుకుంటూనే ఒకే పొయ్యి మీద కాఫీ కాచుకునేవాళ్ళు. జుల్మీరాకు మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఆ ఏడు గుండె జబ్బు వచ్చి మంచం పట్టింది.

మా సంఘానికి మంటంటే పడదు. ఊరికే పెట్టుకున్న పంతం కాదది. మిషనరీ దొర గాడిద మీద బైబిళ్ళ పెట్టెలు వేసుకుని మొదట వచ్చిన రోజుల్లో, యోహాను పండుగ నాడే ఎవరో తాగి మండుతున్న కట్టెలు చర్చి కప్పు మీదికి విసిరారు. మా సంఘపెద్ద డీకన్ ఒసియెల్ వాళ్ళ నాన్న లోపలున్నవాళ్ళను బయటికి లాగబోయి ముఖం కాల్చుకున్నాడు. ఆ ముఖాన్ని చూస్తూ పెరిగినవాడు ఒసియెల్. మంట వేసిన విశ్వాసిని ఆయన క్షమించడని అందరికీ తెలుసు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం జెర్సీనా నా కుట్టుమిషను పక్కన కూలబడింది.

"ఎదిలెవుజా, జుల్మీరా కబురంపింది. మంట వెలిగించడానికి నన్ను రమ్మంది."

"రానని చెప్పు. వారంలో నీ విచారణ పెట్టుకుని ఇదేం గోలే?" అన్నాను నేను.

"చీకటి గుమ్మం చూస్తూ పడుకుంటే ఆవిడ గుండె భయంతోనే ఆగిపోతుంది. నువ్వు చూళ్ళేదు ఆవిడ కళ్ళు."

"వెలిగిస్తే నీ బాప్తిస్మం పోతుంది."

"తెలుసు." తన గౌను కొస నలుపుతూ కూర్చుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాకు ఒసియెల్ మీదా కోపమొచ్చింది, జుల్మీరా మీదా కోపమొచ్చింది. ఇన్నేళ్ళు ఆగిన మనిషిని ఇంకో వారం ప్రశాంతంగా ఉండనివ్వరా అనిపించింది.

సాయంత్రం వీధిలో మంటలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. జెర్సీనా చాటుగా వెళ్ళలేదు. నడివీధిన అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని వెళ్ళి జుల్మీరా గుమ్మం ముందు కూర్చుంది, ఊదింది, వెలిగించింది. లోపల మంచం మీద జుల్మీరా ముఖం ఎర్రగా మెరిసింది. తన ఇంటి వాకిట్లో నిలబడి ఒసియెల్ చూస్తూనే ఉన్నాడు.

ఆదివారం విచారణకు చర్చి నిండిపోయింది. మా బాప్టిస్టుల పద్ధతి అది. బాప్తిస్మం కోరేవాళ్ళు ముందు నిలబడాలి, ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, చివర సభ్యులు చేతులెత్తాలి. మా చర్చిలో ఒక్క చెయ్యి లేవకపోయినా వాయిదానే.

పాస్టరుగారు అడిగినవాటికి జెర్సీనా గడగడా జవాబు చెప్పింది. అప్పుడు ఒసియెల్ లేచాడు.

"సిస్టర్, జుల్మీరా గుమ్మం ముందు మంట ఎవరు వేశారు?"

"నేనే, డీకన్‌గారూ."

ఒసియెల్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"పరిశుద్ధ యోహానుకు మొక్కా?"

"మొక్కు కాదు. ఒక జబ్బు మనిషికి ధైర్యం."

పాస్టరుగారు మంచి మనిషి. ఎలాగైనా దాటించాలని చూశారు. "పొరపాటైంది, ఇంక చెయ్యను అను తల్లీ. అదొక్క మాట చాలు. అంతేనా, ఒసియెల్?"

"అంతే. ఆ మాటంటే నా చెయ్యే ముందు లేస్తుంది," అన్నాడు ఒసియెల్. నిజంగానే అన్నాడు. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు.

అనవే, అనవే అని నేను లోపల్లోపల అరుస్తున్నాను. జెర్సీనా మా అందరి ముఖాలూ చూసింది. ఆమె పెదవులు కదిలాయి, ఆగిపోయాయి, మళ్ళీ కదిలాయి.

"వచ్చే జూన్‌కి ఆవిడ బతికుండి, మళ్ళీ రమ్మంటే వెళ్తాను. ఇప్పుడు వెళ్ళనని చెప్పి అప్పుడెళ్తే దేవుడి ముందు అబద్ధమాడినట్టవుతుంది."

ఒసియెల్ కూర్చున్నాడు. చేతులెత్తమన్నప్పుడు ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఆపై వారం మిగతావాళ్ళు చెరువులో మునిగి లేచారు. జెర్సీనా గట్టు మీద తువ్వాళ్ళు పట్టుకుని నిలబడి ఒక్కొక్కరికీ తల తుడిచింది.

సంగతి తెలిసి జుల్మీరా మంచం మీద లేచి కూర్చుంది.

"మూర్ఖురాలా! ఒక్క అబద్ధం చెప్తే నోరు పడిపోతుందా నీకు? నన్నడిగితే నేను చెప్పేదాన్నిగా, మంట నేనే వేశానని!"

"మంచం దిగలేనిదానివి, నువ్వు వేశావంటే నమ్ముతారా?"

"దేవదూత వచ్చి వేశాడని చెప్పేదాన్ని. మీ వాళ్ళు అద్భుతాలు నమ్ముతారుగా."

ఇద్దరూ నవ్వారు. తర్వాత జుల్మీరా గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడాది తిరిగింది. జుల్మీరా కాస్త కోలుకుంది, కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది, వంగి మంట ఊదే ఊపిరి మాత్రం లేదు. జెర్సీనా పేరు మళ్ళీ విచారణకు వచ్చింది. మళ్ళీ అదే పండుగ, సరిగ్గా విచారణకు ముందు వారంలోనే.

మంటలు వేసే వేళకు జెర్సీనా అగ్గిపెట్టె పట్టుకుని వీధి దాటింది. ఈసారి నేనూ వెంట వెళ్ళాను, ఆపగలనేమోనని. జుల్మీరా గుమ్మంలో కర్ర మోకాళ్ళకు అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. వాకిలి ఊడ్చి శుభ్రంగా ఉంది. ఒక్క కట్టె లేదు.

"కట్టెలేవే?" అంది జెర్సీనా.

"పంచేశాను."

"ఎవరికి?"

"అందరికీ. నీకు పుల్ల కూడా ఇవ్వొద్దని అందరితో ఒట్టు వేయించుకున్నాను. వెళ్ళి అడుక్కో, చూద్దాం."

జెర్సీనా నిజంగానే వెళ్ళింది. ఆ గుమ్మం దగ్గరా ఈ గుమ్మం దగ్గరా చెయ్యి చాచింది. జనం తలలు దించుకున్నారే గాని పుల్ల ఇవ్వలేదు. ఒక్కో ఇంటి ముందూ మంట లేస్తోంది, పిల్లలు కేకలు పెడుతున్నారు, మొక్కజొన్న పొత్తులు కాలుతున్న వాసన. జుల్మీరా గుమ్మం ఒక్కటే నల్లగా ఉంది. దారినపోయేవాళ్ళు ఆ చీకటి చూసి శిలువ గుర్తు వేసుకుంటున్నారు.

జెర్సీనా తన ఇంట్లోకి పరుగెత్తి, బస్సుల దగ్గర కూర్చుని అమ్ముకునే ముక్కాలి పీట తెచ్చింది. వాకిట్లో పడేసి, గొడ్డలి ఎత్తింది.

జుల్మీరా కర్ర వదిలేసి వచ్చి ఆ పీట మీద పడింది. ఊపిరి అందడం లేదు. "వెలిగించావో, మన చుట్టరికం ఇక్కడితో చెల్లు. కొమాద్రీ అని ఈ జన్మలో పిలవకు."

"నీకు భయం లేదూ?"

"ఉంది. చచ్చేంత ఉంది." జుల్మీరా పీట వదల్లేదు. "నా భయం కోసం నువ్వు ఒకేడు పోగొట్టుకున్నావు. ఈ ఏడు నా వంతు. కూర్చో, నోరు మూసుకుని."

జెర్సీనా గొడ్డలి కింద పెట్టింది. ఇద్దరూ ఆ చీకటి గుమ్మంలో చేతులు పట్టుకుని కూర్చున్నారు. మంట లేకుండా కొమాద్రిలు అలా చేతులు పట్టుకోగా నేను చూడటం అదే మొదలు. నేను పక్కకు తిరిగి ఏడ్చాను. ఏడవకేం చేస్తాను?

విచారణలో ఒసియెల్ లేచాడు. "ఈ ఏడు మంట వేశావా, సిస్టర్?"

"లేదు."

"అంటే మారుమనసు వచ్చిందన్నమాట."

"రాలేదు డీకన్‌గారూ. వెయ్యడానికే వెళ్ళాను. ఆవిడ వెయ్యనివ్వలేదు." జరిగినదంతా చెప్పింది, పీట సంగతితో సహా.

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు, ఈ మనిషిని ఎలా గట్టెక్కించేది అన్నట్టు. చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి, ఒక్కటి తప్ప. ఒసియెల్ నేల చూస్తున్నాడు. నా చెయ్యి నొప్పెట్టింది గాని దించలేదు. చాలాసేపటికి ఆయన చెయ్యి మోకాలి మీంచి లేచింది. భుజం దాకానే లేచింది. చాలు.

చెరువులో సీసపు గుళ్ళు అంగీని బుద్ధిగా కిందికి పట్టి ఉంచాయి. గట్టు మీద గొడుగు కింద కుర్చీలో జుల్మీరా. "బాగా ముంచండి పాస్టరుగారూ, దాని తల మహా గట్టిది!" అని కేక వేసింది. ఆ నెల పళ్ళెం వచ్చినప్పుడు జెర్సీనా గ్లాసు తీసుకుని, తాగకుండా చాలాసేపు దానికేసి చూసింది. తర్వాత తాగింది.

క్రిస్మస్‌కు ముందే జుల్మీరా పోయింది. మంట మానేసినందుకే అని వీధి అంది. గుండె జబ్బు అని డాక్టరు అన్నాడు. జెర్సీనా చాలా రోజులు బస్సుల దగ్గరికి వెళ్ళలేదు.

మళ్ళీ జూన్ వచ్చింది. వీధంతా మంటలు. జెర్సీనా తన గుమ్మంలో, చీకట్లో, ఆ ముక్కాలి పీట మీద కూర్చుంది. నేనూ పక్కనే ఉన్నాను. ఒసియెల్ ప్రార్థన కూటానికి వెళ్తూ మా ముందు ఆగాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది.

"బాగుంది, సిస్టర్. వీధంతా మండుతుంటే విశ్వాసి ఇల్లు చీకటిగా ఉండటమే గొప్ప సాక్ష్యం."

"సాక్ష్యం కాదు డీకన్‌గారూ," అంది జెర్సీనా. "మా ఇంట్లో చావు జరిగింది కదా."

ఒసియెల్ ఎదురింటి నల్లటి గుమ్మం వైపు చూశాడు. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకుని, అక్కడే నిలబడిపోయాడు.