ఫిట్ కాయితం

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు సెంటు బుడ్లు తెస్తారు, మెత్తటి దుప్పట్లు తెస్తారు. మా అన్న నాకు బరువు చూసుకునే మిషన్ తెచ్చాడు. వచ్చిన రోజే, చాయ్ కూడా తాగకముందే, సూట్‌కేసులోంచి దాన్ని తీసి నా కుట్టుమిషన్ పక్కన నేలమీద పెట్టి, "ఎక్కు చెల్లే" అన్నాడు.

ఎక్కలేదు. ఆర్మూరులో సగం మంది ఆడవాళ్ల కొలతలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. నా కొలత నాకు తెలియదా? మార్కెట్ దారిలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. పసుపు సీజన్‌లో లారీలు లేపే దుమ్ముకు భయపడి ఆ నెలల్లో తెల్ల గుడ్డ ముట్టేదాన్ని కాదు. పెళ్లయిన రెండేళ్లకు పుట్టింటికి తిరిగి వచ్చాను. ఎందుకు వచ్చానన్నది వేరే కథ. నా లావు వల్ల మాత్రం కాదు. చెప్పకపోతే మీరు అదే అనుకుంటారని చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి ఆరేడేళ్లు. అంతకుముందు ఏడాదే మా నాయిన పోయాడు. మొదట షుగరు, తర్వాత గుండె. నాకు వచ్చింది ఆయన లావు ఒళ్లే. అన్నకు అక్కడ సెలవు దొరకలేదు, నాయిన చితికి మా చిన్నాయన కొడుకు నిప్పు పెట్టాడు. అన్న పనిచేసేది ఒక పెద్ద దవాఖానాలో, నేల తుడిచే పని. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని సన్నబడి వచ్చేవాళ్లను అక్కడ రోజూ చూసేవాడు. నాయినను ఎలాగూ దక్కించుకోలేకపోయాను, చెల్లెనైనా దక్కించుకుంటానని ఆయన లెక్క వేసుకున్నాడు. మా అన్న మంచివాడు. ముందే చెప్పి పెడుతున్నాను, ఇకమీద ఆయన మీద కోపంగా మాట్లాడబోతున్నాను కనుక.

నాకేం కావాలో ఆయన అడగలేదు, అమ్మ అడగలేదు. ఆ ఏడాదంతా నాకు సరిగ్గా నిద్ర పట్టలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే వేళకు అన్నం గిన్నె ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆకలై కాదు. నాయిన ఉన్నన్నాళ్లూ ఆ వేళకు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం. ఆయన వాటా కూడా నేనే తింటున్నానని అప్పట్లో నాకే తట్టలేదు.

అన్న నన్ను హైదరాబాదు తీసుకుపోయాడు. ఆపరేషన్ డాక్టరు అన్నీ చూసి సరేనన్నాడు. అయితే చేసే ముందు మనసు డాక్టరు కూడా చూసి కాయితం రాసివ్వాలని, అది లేనిదే కత్తి పట్టనని చెప్పి, మరుసటి వారం రమ్మన్నాడు. ఆ మాటకు అన్న ముఖం పాలిపోయింది.

ఎందుకంటే మా దిక్కు 'మెడికల్' అనే మాట చాలా బరువైంది. గల్ఫ్ పోవాలంటే ముందు మెడికల్ కావాలి. రక్తం చూస్తారు, ఛాతీ ఫోటో తీస్తారు, చివరికి కాయితం మీద ఫిట్ అనో అన్‌ఫిట్ అనో రాస్తారు. మొదటిసారి మా అన్నను అన్‌ఫిట్ చేశారు. ఛాతీలో ఏదో పాత మచ్చ. ఏడాదిపాటు బజారుకు పోకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. అందుకే నన్ను కూడా మెడికల్‌కు తయారు చేయడం మొదలుపెట్టాడు. వారం రోజులు నా కుట్టుమిషన్ ముందు కుర్చీ వేసుకుని డాక్టరయ్యాడు.

"నిద్ర పడ్తదా?"

"మంచిగ పడ్తది సార్."

"ఏడుస్తవా?"

"నేనెందుకేడుస్త సార్."

"ఎవలన్న బలవంతం చేసిన్రా?"

"లేదు సార్, నా ఇష్టమే."

"గట్ల తల దించుకోని చెప్పకు. నా ఇష్టమే అన్నప్పుడు ముఖం చూడాలె."

వంటింట్లోంచి అమ్మ అందుకునేది, "జర నవ్వుకుంట చెప్పు బిడ్డా." చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు ఇద్దరూ కలిసి నాకు నా మనసు సంగతే పాఠం చెప్పారు. నేను బట్టీపట్టాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, వాళ్ల మీద కంటే నా మీద.

తీరా పోతే లోపల ఉన్నది డాక్టరమ్మ. బట్టీపట్టిన నోరు కదా, ఆమెనూ సార్ అనే పిలిచాను. నిద్ర బాగా పడుతుంది సార్. ఏడవను సార్. నా ఇష్టమే సార్, అని ఆమె ముఖంలోకి చూసి నవ్వాను కూడా. అన్న నా పక్కనే కూర్చుని తల ఊపుతున్నాడు. ఆమె ఆయనను కాసేపు బయట కూర్చోమంది. తలుపు మూసుకున్నాక, మా అన్న నేర్పని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఆపరేషన్ అయ్యాక ఏం మారుతుందని అనుకుంటున్నారమ్మా?"

దానికి నా దగ్గర పాఠం లేదు. నోటికి వచ్చింది చెప్పాను.

"మా అన్న నిమ్మలంగ నిద్రపోతడు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మరి మీరు?" అంది.

ఆ రెండు మాటలకు నాయిన పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చాను. మధ్యాహ్నం గిన్నె సంగతి చెప్పాను. ఎదురుగా ఉండే ఖాళీ పీట సంగతి చెప్పాను. ఆమె తొందరపెట్టలేదు. చివరికి ఒక్కొక్కటే విడమరచి చెప్పింది. ఈ ఆపరేషన్ చాలామందికి మేలు చేస్తుంది, కానీ ఆ తర్వాత బతికినంతకాలం తిండి తీరే మారిపోతుంది. మీకు ఇప్పుడున్న ఒక్క ఓదార్పు ఆ తిండే. దుఃఖానికి మందు వేయకుండా దాన్ని లాగేసుకోకూడదు. ముందు దీన్ని నయం చేద్దాం. ఆ తర్వాత చేయించుకోవాలా వద్దా అన్నది మీరు, మీరొక్కరే, చెప్పాలి.

బయటికి వచ్చి అన్నకు "ఇప్పుడు కాదట" అన్నాను.

"అన్‌ఫిట్ అన్నదా?" అని గోడకు ఆనుకున్నాడు. తిరుగు బస్సులో ఆర్మూరు దాకా నా రిపోర్టులే తిరగేస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఏడాది తర్వాత మొదటిసారి కూర్చున్నచోటే కునుకు పట్టింది.

సెలవు అయిపోయి అన్న వెళ్లిపోయాడు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, వారం తిరిగేసరికి వీధంతా తెలిసింది. జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చిన ఒకామె, నా టేపు ఆమె నడుము చుట్టూ ఉండగానే గొంతు తగ్గించి, "పిచ్చి డాక్టర్ తాన్కి పోయినవంట గద?" అంది.

"అవ్, పోయిన. జాకెట్టు బిగుతైతే నా తాన్కి వస్తరు. మనసు బిగుతైతే గామె తాన్కి పోయిన. చెయ్యి లేపు" అన్నాను.

ఆరోజు నుంచి డాక్టరమ్మ రాసిన మందుల చీటీని బీరువాలో దాచడం మానేశాను. కుట్టుమిషన్ మీద, దారపు ఉండల పక్కన, వచ్చిన ప్రతివాళ్లకూ కనిపించేట్టు పెట్టాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని అమ్మ సణిగింది. సణగనీ. అన్న తెచ్చిన బరువు మిషన్ మీద ఆమె ఇంట్లోకి కొన్న పసుపు కొమ్ములు తూచుకుంటోంది, నేనేమైనా అన్నానా?

నెలకోసారి హైదరాబాదు బస్సు ఒక్కదాన్నే ఎక్కేదాన్ని. వెడల్పు ఒళ్లు కదా, పక్కన కూర్చున్నవాళ్లు ముడుచుకునేవారు. మొదట్లో నేనూ ముడుచుకునేదాన్ని. మూడో నెల నుంచి టికెట్టు తీసుకున్న మనిషిలా కూర్చున్నాను.

అక్కడ వరుసలో ఒకసారి బాల్కొండ దిక్కు బడి టీచరమ్మ కలిసింది. ఆమె కూడా ఆ ఆపరేషన్ కోసమే వచ్చింది. "నా మొగడు వద్దంటుండు. అత్త వద్దంటుంది. నాకు గావాలె. నా మోకాళ్లు నేను మొయ్యలేకపోతున్న" అంది. ఆమె మాటల్లో 'నాకు', 'నా' అనేవి ఎన్నిసార్లు వచ్చాయో! నేను ఇంటికి వచ్చి అలా ఒక్క వాక్యం అనుకుందామని చూశాను. నాకు ఆపరేషన్ కావాలి. నోరు పలికింది కానీ లోపల ఎవరూ ఊ కొట్టలేదు. టీచరమ్మ చేయించుకుంది, బాగుంది, నాకు సంతోషం. ఆమె తెగువ ఆమెది.

ఎనిమిది నెలలు గడిచాయి. నిద్ర వచ్చింది. మధ్యాహ్నం గిన్నె పక్కకు పోయింది, అమ్మను లేపి ఎదురుగా కూర్చోబెట్టుకుని తినడం మొదలుపెట్టాను. ఒళ్లు పెద్దగా తగ్గలేదు. షుగరు అంచున ఉంది, జాగ్రత్త అని డాక్టరమ్మ మెత్తగా కాకుండా గట్టిగానే చెప్పింది. రోజూ గుట్ట దాకా నడుస్తానన్నాను, నడుస్తున్నాను. ఆఖరుకు ఆమె కాయితం రాసి ఇచ్చింది.

ఆ వారమే అన్న ఫోను చేశాడు.

"ఫిట్ వచ్చిందా?"

"వచ్చింది."

అక్కడ ఆయన ఎగిరి గంతేసినట్టు వినిపించింది. "ఇంకేంది మరి! డేట్ తీస్కో. నేను సెలవు పెడ్త."

"తీస్కోను. నాకు వద్దన్నా."

ఆయన కోపంగా, "వద్దనుకున్నదానివి ఎనిమిది నెలలు తిరిగి ఫిట్ ఎందుకు తెచ్చుకున్నవ్?" అన్నాడు.

"వద్దని చెప్పెటందుకే. గా కాయితంల ఏం రాసిందో ఎర్కేనా? గీమె తన సంగతి తానే తేల్చుకోగలదని రాసింది. తేల్చుకున్న. రేపు నాకు గావాలె అనిపిస్తే నేనే పోత, ఎవలు నేర్పక్కర లేదు."

"నాయిన లెక్క నువ్వు గూడ పోతే?"

అదీ అసలు సంగతి. ఏడాదిన్నరగా ఆ మాట ఆయన గొంతులో ఇరుక్కుని ఉంది, బరువు మిషన్‌గా, బస్సు టికెట్లుగా, వారం రోజుల పాఠంగా బయటికి వచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా మాట మార్చలేదు.

"పోతే పోత. ఉంటే ఉంట. నీ నిద్ర కోసం నా కడుపు కోయించుకోను అన్నా."

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. అప్పుడు, మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నిజంగా అడగని ఆ ప్రశ్న నేనే అడిగాను.

"అన్నా, నీకు నిద్ర పడ్తుందా?"

"మంచిగ పడ్తది" అన్నాడు వెంటనే.

నాకు నేర్పిన జవాబే. ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది.

"అబద్ధం. గీసారి సెలవుకొచ్చినప్పుడు నాతోని బస్సెక్కు. లోపల ఉండేది డాక్టరమ్మ, సార్ అనకు" అన్నాను.